రిఫండ్ రావలసిన వ్యక్తికి కూడా రూ.5,000 ఆలస్య రుసుము ఎందుకు?

ఓరుగల్లు_స్వాతి
మా నాన్నగారు విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయులు, వయసు 66 సంవత్సరాలు. 2024-25లో ఆయనకు పింఛను రూ.5,40,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ రూ.1,60,000 వచ్చాయి. బ్యాంకు వారు ఆ వడ్డీలో పది శాతం, అంటే రూ.16,000 టీడీఎస్ (ముందే కోసే పన్ను) కింద పట్టుకున్నారు. ఆగస్టు చివర ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. ఇల్లంతా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రోజుల్లోనే ఆదాయపు పన్ను రిటర్న్ వేయడానికి ఉన్న 2025 సెప్టెంబర్ 16 గడువు దాటిపోయింది. ఇప్పుడు కూర్చుని పోర్టల్‌లో రిటర్న్ నింపుతుంటే పన్ను సున్నా, వడ్డీ సున్నా అని చూపిస్తూ, ఆ కిందనే 234ఎఫ్ అన్న గడిలో రూ.5,000 పడుతోంది. ప్రభుత్వమే మాకు తిరిగి ఇవ్వవలసిన డబ్బు ఉన్నప్పుడు మేము రుసుము కట్టడమేమిటి? ఆసుపత్రి కాగితాలు చూపిస్తే దీన్ని మాఫీ చేసే అధికారి ఎవరైనా ఉన్నారా?

కొత్తపేట_కిరణ్
రుసుము పన్ను బాకీని బట్టి ఉండదు, రిటర్న్ వేసిన తేదీని బట్టి ఉంటుంది. మొత్తం ఆదాయం రూ.5 లక్షల లోపు ఉంటే రూ.1,000, అది దాటితే రూ.5,000. రిఫండ్ వస్తుందా, రాదా అన్నది ఆ సెక్షన్ చూడదు.

ఓరుగల్లు_స్వాతి
కిరణ్ గారూ, అక్కడే నాకు అర్థం కావడం లేదు. నాన్నగారు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఆ సంవత్సరమే రూ.1,50,000 వేశారు. వడ్డీ మీద పెద్దవారికి రూ.50,000 మినహాయింపు ఉంది, స్టాండర్డ్ డిడక్షన్ మరో రూ.50,000. ఇవన్నీ తీసేస్తే ఆదాయం రూ.4,50,000 మాత్రమే. అప్పుడు రుసుము రూ.1,000 కదా పడాలి?

కాకినాడ_ఆడిటర్
స్వాతి గారూ, మీరు చెప్పిన లెక్క పాత పన్ను విధానానిది. గడువు దాటాక పాత విధానాన్ని ఎంచుకునే హక్కు పోతుంది. 2023-24 ఆదాయం నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించేదైంది. పాతది కావాలంటే గడువు లోపల రిటర్న్ వేసి కోరుకోవాలి. ఆలస్యపు రిటర్న్‌కు (డిసెంబర్ 31 వరకు వేయవచ్చు) సెక్షన్ 139(4) ఎంచుకోగానే ఆ దారి మూసుకుపోతుంది.

కొత్త విధానంలో మీ నాన్నగారి పింఛను, వడ్డీ కలిపి రూ.7,00,000, అందులో స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 పోగా రూ.6,25,000 మిగులుతుంది. పోస్టాఫీసు పొదుపుకు గానీ, వడ్డీ మినహాయింపుకు గానీ అక్కడ చోటు లేదు. దాని మీద పన్ను రూ.16,250 అవుతుంది. ఆదాయం రూ.7 లక్షల లోపే కాబట్టి 87ఎ రిబేటు (పన్ను తగ్గింపు) కింద అది మొత్తం పోతుంది. అందుకే పన్ను సున్నా. అయితే రుసుముకు లెక్కలోకి వచ్చేది ఆ రూ.6,25,000 కాబట్టి అది రూ.5,000 అవుతుంది. ఆ డబ్బు మీరు విడిగా చలాన్ కట్టనవసరం లేదు, టీడీఎస్ రూ.16,000 నుంచే సర్దుబాటై రూ.11,000 రిఫండ్ వస్తుంది.

మాఫీ సంగతికి వస్తే, 2018-19 మదింపు సంవత్సరానికి (ఆదాయం వచ్చిన ఏడాది తరువాతి సంవత్సరం) ముందు 271ఎఫ్ అనే సెక్షన్ కింద అధికారి నోటీసు ఇచ్చి, కారణం విని, సహేతుకమని తోస్తే జరిమానా వేయకుండా వదిలిపెట్టగలిగేవారు. 2017 ఫైనాన్స్ చట్టం దాని స్థానంలో 234ఎఫ్ తెచ్చింది. ఇప్పుడు దీన్ని కంప్యూటరే తేదీ చూసి లెక్క కడుతుంది. కారణం చెప్పుకోవడానికి ఆ దశలో ఎదురుగా మనిషి ఉండరు.

లెక్కలమాస్టారు
నేను కూడా పింఛనుదారుడినే. ఈ నిబంధన నాకు అన్యాయంగానే తోస్తుంది. పన్ను ఎగ్గొట్టిన వ్యక్తి దగ్గరా, పన్ను ముందే కోయించుకుని కూర్చున్న ముసలాయన దగ్గరా ఒకటే రుసుము తీసుకోవడం ఏ ధర్మం? ఆలస్యం వల్ల ఖజానాకు ఒక్క రూపాయి నష్టం లేదు, పైగా ఆ రూ.16,000 ఇన్నాళ్లూ ప్రభుత్వం దగ్గరే ఉంది.

కొత్తపేట_కిరణ్
మాస్టారూ, మీ బాధ అర్థమవుతుంది గానీ నేను ఒప్పుకోలేను. రిఫండ్ వస్తుందో, బాకీ తేలుతుందో రిటర్న్ వేస్తేనే కదా ప్రభుత్వానికి తెలిసేది? ‘నాకు రావలసినదే’ అని ప్రతివారూ తామే నిర్ణయించుకుని ఊరుకుంటే గడువు అనే మాటకు విలువ ఉండదు. 2025లో జూలై 31 గడువును మే నెలలోనే సెప్టెంబర్ 15కు పొడిగించారు, మళ్లీ చివరి నిమిషంలో ఒక రోజు కలిపారు.

లెక్కలమాస్టారు
గడువు ఉండవద్దని నేను అనలేదు. కారణం వినే మనిషి ఒకరుండాలని అంటున్నాను. ఆపరేషన్ బల్ల మీద ఉన్నవారినీ, నిర్లక్ష్యం చేసినవారినీ వేరుగా చూడలేని నిబంధనను మార్చమని అడగడంలో తప్పు లేదు. పొడిగింపు ఇచ్చినంత మాత్రాన ఆగస్టు నెలాఖరులో వచ్చిన గుండెనొప్పి ఆగుతుందా?

సాగర్_మాదాపూర్
స్వాతి గారికి పోయేది రూ.5,000, దానికితోడు గడువులో వేసి ఉంటే రిఫండ్ మీద వచ్చే కొద్దిపాటి వడ్డీ. జీతగాళ్ల సంగతి చూస్తే ఈ రుసుము చాలా చిన్నది. మా టీమ్‌లో ఒకతను రూ.14 లక్షల జీతం మీద ఆఫీసులో పాత విధానం ఎంచుకున్నాడు. అద్దె అలవెన్సు మినహాయింపు రూ.2,40,000, సొంతూరిలో కట్టిన ఇంటి అప్పు వడ్డీ రూ.2,00,000, 80సి పొదుపులు రూ.1,50,000, ఎన్‌పీఎస్ రూ.50,000, ఆరోగ్య బీమా రూ.25,000, స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000. ఇవన్నీ పోగా రూ.6,85,000 మీద పన్ను, సెస్సు కలిపి రూ.51,480 ఆఫీసువారు టీడీఎస్ కోశారు. ఇక బాకీ ఏమీ లేదు కదా అని అతను సెప్టెంబర్‌లో రిటర్న్ వేయలేదు.

ఇప్పుడు డిసెంబర్‌లో వేయబోతే అంతా కొత్త విధానంలోకి మారిపోయింది. రూ.13,25,000 మీద పన్ను, సెస్సు కలిపి రూ.1,09,200 తేలింది. అంటే అదనంగా రూ.57,720 కట్టాలి. దాని మీద రిటర్న్ ఆలస్యమైనందుకు 234ఎ కింద నెలకు ఒక శాతం చొప్పున నాలుగు నెలల వడ్డీ రూ.2,308, అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది నడుస్తుండగానే కట్టే పన్ను) కట్టనందుకు 234బి కింద ఏప్రిల్ నుంచి తొమ్మిది నెలలకు రూ.5,193, దాని వాయిదాలు తప్పినందుకు 234సి కింద మరో రూ.2,908. రుసుము రూ.5,000 కూడా కలిపితే మొత్తం రూ.73,129. ఇందులో రుసుము ఎంత భాగమో మీరే చూడండి. అందరూ ఆ రూ.5,000 గురించే మాట్లాడుకుంటారు గానీ, అసలు దెబ్బ తగిలేది విధానం మారిపోవడం దగ్గరే.

గుంటూరు_పద్మజ
సాగర్ గారూ, అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు వడ్డీ అంటున్నారు. ఉద్యోగికి ఆఫీసే టీడీఎస్ కోసినప్పుడు అతను అడ్వాన్స్ ట్యాక్స్ ఎందుకు కట్టాలి?

సాగర్_మాదాపూర్
టీడీఎస్ పోగా మిగిలిన పన్ను రూ.10,000 దాటితే అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యత వస్తుంది. ఆ సంవత్సరం నడుస్తున్నప్పుడు అతనికి బాకీ లేదు, నిజమే. విధానం మారాక బాకీ తేలింది కాబట్టి వెనక్కి వెళ్లి వడ్డీ లెక్క కట్టారు.

కాకినాడ_ఆడిటర్
సాగర్ గారి లెక్క సరిగ్గానే ఉంది. దానికి ఒక ముఖ్యమైన విషయం చేరుస్తాను. వ్యాపారం, వృత్తి నుంచి ఆదాయం ఉన్నవారికి ఇది ఇంకా కఠినం. వారు పాత విధానం కోరుకుంటే గడువు లోపల ఫారం 10-ఐఈఎ విడిగా దాఖలు చేయాలి. జీతం, పింఛను మాత్రమే ఉన్నవారికి ఆ ఫారం అవసరం లేదు, రిటర్న్‌లోనే ఎంచుకోవచ్చు. గడువు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇంకొకటి. గడువులోపు కాగితాలు చేతికి అందకపోయినా, పన్ను ఎంత రావచ్చో అంచనా కట్టి సెల్ఫ్ అసెస్‌మెంట్ చలాన్ ముందే కట్టేయండి. గడువులోపు కట్టిన సొమ్ము మీద 234ఎ వడ్డీ వేయకూడదని ప్రణయ్ రాయ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 2015లో దాన్ని అంగీకరిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. రుసుము తప్పదు గానీ వడ్డీ ఆగుతుంది.

విశాఖ_రమేశ్
నాకు జీతం, వడ్డీ అన్నీ కలిపి రూ.4,80,000 దాటలేదు. రూ.7 లక్షల దాకా పన్నే లేదని టీవీల్లో చెప్పారు కాబట్టి నేను రిటర్న్ అవసరం లేదనుకున్నాను. నాకూ రుసుము ఉంటుందా?

కొత్తపేట_కిరణ్
ఉంటుంది, రూ.1,000. రిబేటు వల్ల పన్ను సున్నా కావడం వేరు, రిటర్న్ వేయవలసిన అవసరమే లేకపోవడం వేరు. 2024-25కు కొత్త విధానంలో రూ.3 లక్షలు దాటితే రిటర్న్ వేయాలి. 2025-26 ఆదాయానికి ఆ పరిమితి రూ.4 లక్షలు అయింది. ‘రూ.12 లక్షల దాకా పన్ను లేదు’ అన్న మాట విని వచ్చే ఏడాది ఇంకా ఎక్కువమంది మీలాగే అనుకుంటారేమోనని నాకు భయంగా ఉంది. ఇంట్లో పెద్దవారికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచండి.

న్యూజెర్సీ_మాధవి
విదేశాల్లో ఉన్నవారి సంగతి కూడా రాస్తాను. మా కూకట్‌పల్లి ఫ్లాట్‌కు నెలకు రూ.30,000 అద్దె వస్తుంది. మేము ఎన్నారైలం కాబట్టి అద్దెకున్నవారు 31.2 శాతం టీడీఎస్ కోయాలి, ఏడాదికి రూ.1,12,320 పోతుంది. అద్దె రూ.3,60,000లో 30 శాతం మినహాయిస్తే మాకు మిగిలే ఆదాయం రూ.2,52,000 మాత్రమే. పరిమితి లోపలే అయినా టీడీఎస్ రూ.25,000 దాటింది కాబట్టి రిటర్న్ వేయవలసిందే, ఆలస్యమైతే రూ.1,000 రుసుము పోగా మిగిలిన సొమ్ము రిఫండ్ వస్తుంది. అయితే 2023-24 ఆదాయానికి మా రిటర్న్ డిసెంబర్ 31 కూడా దాటిపోయింది. ఆ తరువాత పోర్టల్ తీసుకోలేదు. లక్షకు పైగా సొమ్ము అక్కడే నిలిచిపోయింది.

విశాఖ_రమేశ్
డిసెంబర్ 31 దాటినా అప్‌డేటెడ్ రిటర్న్ వేయవచ్చు కదా? ఇప్పుడు దానికి నాలుగేళ్ల సమయం ఇచ్చారని చదివాను.

కాకినాడ_ఆడిటర్
రమేశ్ గారూ, నాలుగేళ్లన్న మాట నిజమే. 2022లో రెండేళ్లుగా మొదలైన దాన్ని 2025 ఫైనాన్స్ చట్టం 48 నెలలకు పెంచింది. కానీ అప్‌డేటెడ్ రిటర్న్‌తో రిఫండ్ అడగడానికి వీల్లేదు, బాకీ తగ్గించుకోవడానికీ వీల్లేదు. ప్రభుత్వానికి ఇంకా పన్ను కట్టవలసినవారికి మాత్రమే ఆ దారి. కట్టవలసిన పన్ను, వడ్డీల మీద మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం అదనంగా చెల్లించాలి.

మాధవి గారి లాంటివారికి ఉన్న దారి సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవడం. 2024 అక్టోబర్ 1న వచ్చిన 11వ నంబరు సర్క్యులర్ ప్రకారం, ఆ మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుంచి అయిదేళ్ల లోపు అడగవచ్చు. రూ.1 కోటి వరకు సొమ్ము విషయంలో ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే నిర్ణయిస్తారు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో సేవల విభాగంలో కండోనేషన్ రిక్వెస్ట్ అని ఉంటుంది. అక్కడ మనిషి కారణం చదువుతారు, ఆసుపత్రి కాగితాలకు విలువ ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అలా వచ్చిన రిఫండ్ మీద వడ్డీ ఇవ్వరు.

న్యూజెర్సీ_మాధవి
అదే దరఖాస్తు పెట్టాము. అత్తగారు హైదరాబాద్‌లో మంచం పట్టిన కాలం అది కాబట్టి ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, మా ప్రయాణపు టికెట్లు జతచేశాము. వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని సర్క్యులర్‌లో ఉంది. ఇంకా జవాబు రాలేదు. ఇక్కడున్న తెలుగువారికి నేను చెప్పేది ఒక్కటే: ఏప్రిల్ 15న అమెరికా లెక్కలు ముగించి ఊపిరి పీల్చుకుంటాం కదా, అదే వారంలో ఇండియా కాగితాలు కూడా ఒక కవరులో వేసి ఉంచండి.

ఓరుగల్లు_స్వాతి
ఆడిటర్ గారూ, అలాగైతే నేను కూడా డిసెంబర్ 31 దాటనిచ్చి, 119(2)(బి) కింద కారణం చెప్పుకుంటే ఆ రూ.5,000 మిగులుతుందా?

కాకినాడ_ఆడిటర్
ఆ పని ఎంతమాత్రం చేయకండి. రూ.5,000 కోసం రూ.16,000నూ ఒకరి నిర్ణయం మీద వదిలేసినట్లు అవుతుంది. మన్నింపు దొరుకుతుందన్న హామీ లేదు, పైగా ‘డిసెంబర్‌లో అవకాశం ఉన్నా ఎందుకు వేయలేదు’ అని మొదట అడిగేది ఆ ప్రశ్నే. తలుపు తెరిచి ఉన్నప్పుడే వేసేయండి. వచ్చే ఏప్రిల్‌లో నాన్నగారి చేత బ్యాంకులో టీడీఎస్ కోయవద్దన్న డిక్లరేషన్ ఇప్పించండి. పన్ను సున్నా అయ్యే పెద్దవారు అది ఇస్తే టీడీఎస్ కోయరు.

లెక్కలమాస్టారు
75 ఏళ్లు దాటినవారికి రిటర్నే అక్కరలేదని మా పింఛనుదారుల సంఘంలో అందరూ నమ్ముతున్నారు. అది నిజమేనా?

కాకినాడ_ఆడిటర్
అందరికీ కాదు మాస్టారూ. 194పి కింద పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారై, ఆ రెండూ ఒకే నిర్దిష్ట బ్యాంకు నుంచి వస్తూ, ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే పన్ను వారే కోసి జమ చేస్తారు. అప్పుడే రిటర్న్ అక్కరలేదు. రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు ఉన్నా, కొద్దిపాటి అద్దె వచ్చినా ఆ సౌకర్యం ఉండదు.

నిడదవోలు_సురేశ్
మా తమ్ముడి గొడవ వేరు. 2024-25లో షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్లలో రూ.3,40,000 పోగొట్టుకున్నాడు. నష్టానికి రిటర్న్ ఎందుకని ఊరుకున్నాడు. ఈ ఏడాది కొంత లాభం కనబడుతోంది, పాత నష్టాన్ని ఇందులో తీసేయవచ్చా అని అడుగుతున్నాడు.

సాగర్_మాదాపూర్
గడువులో వేసి ఉంటే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల పాటు వ్యాపార లాభాల్లో తీసేసుకునేవాడు. ఆలస్యపు రిటర్న్‌లో ఆ సంవత్సరపు వ్యాపార నష్టం గానీ, షేర్ల అమ్మకాల నష్టం గానీ ముందుకు వెళ్లవు. అంతకు ముందరి ఏళ్లలో గడువులోనే చూపించిన నష్టాలు ఉంటే వాటికి ఈ ఆలస్యం వల్ల ప్రమాదం లేదు. నష్టం వచ్చిన ఏడాదే రిటర్న్ అన్నిటికంటే అవసరం. ఇది మన కుర్రాళ్లకు ఎవరూ చెప్పడం లేదు, యాప్‌లో ఖాతా తెరిపించేవారు అసలే చెప్పరు.

కాకినాడ_ఆడిటర్
సురేశ్ గారూ, నష్టాన్ని ముందుకు తీసుకెళ్లడానికి కూడా 119(2)(బి) దరఖాస్తు ఉంది. అయితే నిజమైన కష్టం వల్ల ఆలస్యమైందని చూపాలి. తెలియక ఊరుకున్నామంటే ఒప్పుకోవడం కష్టం.

నిడదవోలు_సురేశ్
రిటర్న్ వేయకపోతే జైలు శిక్ష కూడా ఉంటుందని మా ఊళ్లో ఒకాయన వాణ్ని భయపెట్టాడు. రాత్రి నిద్రపోవడం లేదు.

గుంటూరు_పద్మజ
ఆ భయం పోగొట్టండి సురేశ్ గారూ. 276సిసి అనే సెక్షన్‌లో మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు, పన్ను రూ.25 లక్షలు దాటితే ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న మాట నిజమే. కానీ అది కావాలని ఎగవేసినవారి కోసం. టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్ పోగా తేలే పన్ను రూ.10,000 మించకపోతే ఆ సెక్షన్ కింద కేసే పెట్టరు. మీ తమ్ముడికి చెప్పవలసింది డిసెంబర్ 31లోగా రిటర్న్ వేయమని. ఊరుకుంటే వచ్చేది నోటీసు, ఆ తరువాత ఆదాయాన్ని తక్కువ చూపినట్లు లెక్కగట్టి పన్ను మీద 50 శాతం జరిమానా. అది మాత్రం జరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే షేర్ల లావాదేవీలన్నీ పన్ను శాఖ వార్షిక సమాచార పట్టిక అయిన ఏఐఎస్‌లో కనబడతాయి.

విశాఖ_రమేశ్
నేను ఇప్పుడే వేసేశాను, రూ.1,000 చలాన్ కూడా కట్టాను. మా ఆఫీసులో డిసెంబర్ 31న కేకు కోసే ముందు ‘మీ రిటర్న్ వేశారా’ అని అందరినీ అడిగే పెద్దాయన ఒకరున్నారు. ఈసారి ఆయనకు రెండు ముక్కలు ఇవ్వాలి.

సాగర్_మాదాపూర్
వేసేశానంటే సరిపోదు రమేశ్ గారూ, వెరిఫై చేశారా? అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో గానీ, సంతకం చేసిన ఐటీఆర్-వి అనే రసీదు కాగితాన్ని బెంగళూరులోని పన్ను శాఖ కేంద్రానికి పంపి గానీ ధ్రువీకరించాలి. 30 రోజులు దాటాక ధ్రువీకరిస్తే ఆ రోజే రిటర్న్ వేసినట్లు లెక్క. సెప్టెంబర్ 14న అప్‌లోడ్ చేసి, నవంబర్‌లో ధ్రువీకరించి, గడువులో వేసినా రుసుము పడిందని వాపోయినవారిని నేను చూశాను. డిసెంబర్ చివర అప్‌లోడ్ చేసి ఫిబ్రవరిలో ధ్రువీకరిస్తే మరీ ప్రమాదం, అసలు ఆలస్యపు రిటర్న్‌గా కూడా చెల్లదు.

విశాఖ_రమేశ్
చేయలేదు. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు పాతది, ఓటీపీ రావడం లేదు. ఇప్పుడేం చేయాలి?

గుంటూరు_పద్మజ
నెట్ బ్యాంకింగ్ ద్వారా పోర్టల్‌లోకి లాగిన్ అయితే ఓటీపీ లేకుండానే వెరిఫై చేయవచ్చు, పాన్ నంబరు బ్యాంకు ఖాతాకు జతపడి ఉంటే చాలు. అదీ కుదరకపోతే ఐటీఆర్-వి ప్రింటు తీసి, నీలం సిరాతో సంతకం చేసి స్పీడ్ పోస్టులో బెంగళూరుకు పంపండి, రసీదు దాచుకోండి. 30 రోజుల లెక్కలో చూసేది ఆ కాగితం అక్కడికి చేరిన రోజును కాబట్టి, రేపే పోస్టాఫీసుకు వెళ్లండి.